మర్ఫీ వారి వియ్యంకుడు: మంచు మింగలేకపోయిన ఒక కుటుంబం

సన్నీవేల్‌లో ఉండే మనలో మర్ఫీ అవెన్యూ తెలియని వాళ్ళు ఎవరుంటారు? శనివారం రైతుల సంత, సాయంత్రాలు ఆరుబయట బల్లలు వేసిన హోటళ్ళు, పక్కనే క్యాల్‌ట్రెయిన్ స్టేషన్. ఆ వీధికి సమాంతరంగా టాఫ్ స్ట్రీట్, కాస్త అవతల క్యారల్ స్ట్రీట్, ఇంకొంచెం ఉత్తరానికి వెళ్తే ఆర్కెస్ అవెన్యూ. ఇవన్నీ ఒకే ఇంటి పేర్లని చాలామందికి తెలియదు. మర్ఫీ ఇంటి పేరైతే, టాఫ్, క్యారల్, ఆర్కెస్ ఆ ఇంటి అల్లుళ్ళ ఇంటిపేర్లు. అంటే మనం రోజూ కారు నడిపే రోడ్లలో సగం, ఒక తండ్రి తన కూతుళ్ళకు చేసిన పెళ్ళిళ్ళ జాబితా అన్నమాట!

ఆ తండ్రి మార్టిన్ మర్ఫీ జూనియర్. ఐర్లండ్ నుంచి కెనడాకి, అక్కడి నుంచి మిస్సోరీకి, చివరికి కాలిఫోర్నియాకి వచ్చి 1850లో ఇక్కడ దాదాపు 4,800 ఎకరాలు కొన్న రైతు. సన్నీవేల్ చరిత్ర ఆయన పేరుతోనే మొదలవుతుంది. ఈ వ్యాసం మాత్రం ఆయన గురించి కాదు. ఆయన తమ్ముడు జాన్ మర్ఫీకి పిల్లనిచ్చిన మామగారు జేమ్స్ ఫ్రేజియర్ రీడ్ గురించి, ఆ రీడ్ ఇంటి ఆడవాళ్ళ గురించి.

రీడ్ రెండు యుద్ధాల్లో మిలీషియా సిపాయి. మిలీషియా అంటే జీతం తీసుకునే పూర్తికాలపు సైన్యం కాదు. అవసరం వచ్చినప్పుడు ఊరి రైతులూ వ్యాపారులూ తుపాకులు పట్టుకుని కొన్ని వారాలకో నెలలకో పేర్లు రాయించుకునే దళం. ఆ రెండు పేర్ల నమోదుకీ మధ్య అమెరికా చరిత్రలో అందరూ భయంగా చెప్పుకునే ఒక ప్రయాణం ఉంది. అదే డోనర్ పార్టీ.

లింకన్ ఉన్న దళంలోనే

రీడ్ 1800లో ఐర్లండ్‌లోని అర్మా జిల్లాలో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరాడు. పెద్దవాడయ్యాక ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతంలో స్థిరపడ్డాడు.

1832 ఏప్రిల్‌లో బ్లాక్ హాక్ అనే సాక్ తెగ నాయకుడు వెయ్యి మంది దాకా తన మనుషులతో మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్‌లోని పాత ఊళ్ళకు తిరిగివచ్చాడు. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎంతోమంది. ప్రభుత్వం దాన్ని దండయాత్రగా చూసి మిలీషియాను పిలిచింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ప్రాంతం నుంచి పేర్లు ఇచ్చినవాళ్ళలో రీడ్ ఒకడు. కెప్టెన్ జేకబ్ ఎర్లీ నడిపిన చిన్న దళంలో ఆయన ఒక మామూలు సిపాయి. అదే దళంలో అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని మరో సిపాయి ఏబ్రహాం లింకన్. ఇంకొకతను జేమ్స్ క్లైమన్, కొండలూ అడవులూ కాలినడకన తిరిగిన వేటగాడు. ఈ మూడో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఆ దళం పెద్దగా పోరాడింది లేదు. యుద్ధం మాత్రం ఆగస్టులో, బాడ్ యాక్స్ నది దగ్గర, మిసిసిపీ దాటి పారిపోతున్న సాక్ కుటుంబాల ఊచకోతతో ముగిసింది. వలస వచ్చినవాళ్ళ కథ చెప్పుకునేటప్పుడు, ఎవరి నేల మీదికి వలస వచ్చారన్నది కూడా చెప్పుకోవాలి కదా.

యుద్ధం తర్వాత రీడ్ వ్యాపారంలో పడ్డాడు. రంపపు మిల్లు పెట్టాడు, కుర్చీలూ బల్లలూ చేయించాడు. 1835లో మార్గరెట్ అనే వితంతువును పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త కలరాతో పోయాడు. చంకలో రెండేళ్ళ పాప, పేరు వర్జీనియా. రీడ్ ఆ పాపను సొంత కూతురిలా పెంచాడు. తర్వాత పాటీ, జేమ్స్, టామీ పుట్టారు. వర్జీనియా రాతల్లో ఎక్కడ చూసినా ఆయన ‘నాన్న’ మాత్రమే.

అమ్మమ్మ కూడా బయల్దేరింది

1840ల మధ్యకి రీడ్ వ్యాపారం దెబ్బతింది. మార్గరెట్‌కి ఎప్పుడూ విడవని తలనొప్పి. పడమటి గాలి ఆమెకు పడుతుందనీ, కాలిఫోర్నియాలో భూమి దొరుకుతుందనీ ఆశ. 1846 ఏప్రిల్‌లో డోనర్ అన్నదమ్ముల కుటుంబాలతో కలిసి రీడ్ కుటుంబం స్ప్రింగ్‌ఫీల్డ్ వదిలింది.

రీడ్ చేయించిన బండి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్కనుంచి మెట్లెక్కి లోపలికి వెళ్ళేలా, స్ప్రింగుల సీట్లతో, చిన్న పొయ్యితో, పైన పడుకునే చోటుతో కట్టించాడు. ఇదంతా ఎక్కువగా ఒక మనిషి కోసం. మార్గరెట్ తల్లి, డెబ్భై ఏళ్ళ సారా కీస్. ఆమె ఆరోగ్యం బాగాలేదు. ఊళ్ళోనే ఉండిపొమ్మని ఎందరు చెప్పినా వినలేదు. ఉన్న ఒక్క కూతురిని వదిలి ఉండలేనంది.

ఇది మనకు కొత్త కథ కాదు. కూతురి కాన్పుకని ఆరు నెలలకు వచ్చి, చలికాలం కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చునే అమ్మలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు! సారా కీస్ ప్రయాణం ఆరు వారాలే సాగింది. మే 29న, ఇప్పటి క్యాన్సస్‌లో, పొంగుతున్న నది ఒడ్డున ఆగిన చోట ఆమె కన్నుమూసింది. బండ్లవాళ్ళే చెట్టు కొట్టి పెట్టె చేశారు, రాయి మీద పేరు చెక్కారు. మార్గరెట్ తల్లిని ఆ గడ్డిమైదానంలో వదిలి ముందుకు కదిలింది. ఆ తర్వాత నెలల్లో జరిగింది చూస్తే, ఆ ప్రయాణంలో ప్రశాంతంగా సాగిన చావు అదొక్కటే అనిపిస్తుంది.

పెద్దల మాట, దగ్గర దారి

జూన్ చివర్లో ఫోర్ట్ లారమీ దగ్గర రీడ్‌కి పాత స్నేహితుడు ఎదురయ్యాడు. పద్నాలుగేళ్ళ క్రితం ఒకే దళంలో ఉన్న ఆ జేమ్స్ క్లైమనే! అతను కాలిఫోర్నియా నుంచి తూర్పుకి తిరిగి వస్తున్నాడు. రీడ్ వెళ్ళాలనుకుంటున్న ‘దగ్గర దారి’ మీదుగానే గుర్రం మీద వచ్చాడు. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారు. అలవాటైన బండ్ల బాట విడవొద్దు, ఆ దారిలో బండ్లు నడవవు అని క్లైమన్ తేల్చి చెప్పాడు.

రీడ్ వినలేదు. ల్యాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ అనే అతను తన పుస్తకంలో ఆ దారి దగ్గరని రాశాడు. కానీ అది రాసేనాటికి హేస్టింగ్స్ స్వయంగా బండ్లతో ఆ దారిన నడిచి చూడలేదు. అచ్చులో ఉన్న మాట నిజం, కళ్ళతో చూసి వచ్చినవాడి మాట అనుమానం! పెద్దల మాట చద్దన్నం మూట అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

జూలై 31న ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర మలుపు తిరిగారు. వాసాచ్ కొండల్లో చెట్లు నరుక్కుంటూ బాట వేసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఉప్పు ఎడారి. నీళ్ళు లేక రీడ్ ఎద్దులు చాలావరకు తప్పిపోయాయి. అమ్మమ్మ కోసం కట్టించిన బండిని ఇసుకలో వదిలేశారు. పిల్లలు నడక మొదలుపెట్టారు. దగ్గర దారి వాళ్ళకు వారాల తరబడి కాలం తినేసింది.

వెలి

అక్టోబర్ 5న హంబోల్ట్ నది పక్కన ఇసుక దిబ్బ ఎక్కుతుంటే రెండు బండ్ల ఎద్దులు చిక్కుపడ్డాయి. మాటామాటా పెరిగింది. జాన్ స్నైడర్ అనే బండివాడు కొరడా పిడితో రీడ్ తల మీద కొట్టాడు. అడ్డం వెళ్ళిన మార్గరెట్‌కీ దెబ్బ తగిలింది. రీడ్ కత్తి దూశాడు. స్నైడర్ చనిపోయాడు.

గుంపులో కొందరు ఉరి తీద్దామన్నారు. చివరికి గుంపులోంచి వెలివేశారు, ఆయుధం లేకుండా ఒంటరిగా పొమ్మన్నారు. రీడ్ ససేమిరా అన్నాడు. వెళ్ళమని ఒప్పించింది మార్గరెట్. ఇక్కడే ఉంటే నిన్ను చంపుతారు, ముందుకు వెళ్తే మాకు తిండి తేగలవు అన్నది ఆమె లెక్క. ఆ రాత్రి పదమూడేళ్ళ వర్జీనియా, వాళ్ళ దగ్గర పనిచేసే మిల్ట్ ఎలియట్‌ని వెంటబెట్టుకుని, చీకట్లో నాన్న వెనకాల వెళ్ళి తుపాకీ, తిండి అందించి వచ్చింది. ఆ తర్వాత చాలా రోజులు దారిపొడుగునా నాన్న కొట్టిన పిట్టల ఈకల కోసం ఆ పిల్లలు వెతుకుతూ నడిచారట. ఈకలు కనిపిస్తే నాన్న బతికున్నట్టు.

నవంబర్ మొదట్లో సియెర్రా కొండల కనుమ ముందు మంచు అడ్డం పడింది. ఎనభై మంది పైగా ఇరుక్కుపోయారు. సగం మందికి పైగా పిల్లలు, పదహారు పదిహేడేళ్ళలోపు వాళ్ళు. సరస్సు పక్కన అప్పటికే ఒక చిన్న చెక్క గుడిసె ఉంది. రెండేళ్ళ ముందు, 1844లో, అదే కనుమ మీదుగా మొదటిసారి బండ్లు దాటించిన గుంపులోని ముగ్గురు యువకులు కట్టుకున్నది. ఆ గుంపే మన మర్ఫీలు ఉన్న గుంపు. వాళ్ళ నాయకుడు ఎలైషా స్టీఫెన్స్ పేరే ఇప్పుడు కూపర్టినోలో పారే స్టీవెన్స్ క్రీక్‌కి ఉంది. కట్టినవాళ్ళలో మోజెస్ షాలెన్‌బర్గర్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ గుడిసెలో చలికాలమంతా ఒంటరిగా, నక్కలను పట్టి తింటూ బతికాడు. ఇప్పుడు ఆ గుడిసెలోకి బ్రీన్ అనే ఐరిష్ కుటుంబం చేరింది.

1847 జనవరి మొదటి వారం

రీడ్ అక్టోబర్ చివర్లో శాక్రమెంటోలోని సట్టర్ కోట చేరాడు, దాదాపు ఆకలితో చచ్చిపోయే స్థితిలో. గుర్రాలూ పిండీ తీసుకుని వెంటనే వెనక్కి బయల్దేరాడు. మంచు గుర్రాల మెడ దాకా వచ్చింది. వెనుదిరగక తప్పలేదు. సాయానికి మనుషులు కావాలంటే, మగవాళ్ళంతా ఫ్రీమాంట్ వెంట మెక్సికోతో యుద్ధానికి వెళ్ళిపోయారు అన్నాడు సట్టర్. దక్షిణాన ఉన్న ఊళ్ళలో అడగమన్నాడు. అలా రీడ్ శాన్ హొసే చేరాడు. అక్కడా యుద్ధమే. దారులు మూసుకుపోయాయి. మళ్ళీ మిలీషియాలో పేరిచ్చాడు, ఈసారి లెఫ్టినెంట్‌గా.

ఆ తగాదా ఏమిటంటే, అమెరికన్ దళాలు ఇక్కడి స్పానిష్ మాట్లాడే రైతుల గుర్రాలనూ పశువులనూ బలవంతంగా పట్టుకుపోతున్నాయి. శాన్ హొసే స్వచ్ఛంద దళపు కెప్టెన్ చార్లెస్ వెబర్ ఆ పనిలో ముందున్నాడు. విసిగిపోయిన ఫ్రాన్సిస్కో శాంచెజ్ అనే రైతు నాయకుడు కొందరు అమెరికన్లను బందీలుగా పట్టుకున్నాడు. 1847 జనవరి 2న శాంతా క్లారా మిషన్‌కి పడమరగా ఉన్న మైదానంలో రెండు పక్షాలూ ఎదురయ్యాయి. ఇంకొంచెం పడమరకు వస్తే ఇప్పటి మన సన్నీవేల్. ఫిరంగి బురదలో కూరుకుపోయింది. చుట్టూ ఆవ మొక్కలు. అందుకే దాన్ని ‘ఆవ కాడల యుద్ధం’ అని కూడా అంటారు. అమెరికన్ల వైపు ఇద్దరికి చిన్న గాయాలు. మర్నాడు కాల్పులు ఆపారు, వారంలోపు ఒప్పందం కుదిరింది. పట్టుకుపోవడం ఆపుతామన్నారు, రైతులు బందీలను వదిలేశారు.

ఆ రోజు వెబర్ దళంలో రీడ్ ఒక లెఫ్టినెంట్. ఇంకో లెఫ్టినెంట్ ఇరవై రెండేళ్ళ జాన్ మర్ఫీ. కాబోయే మామా అల్లుళ్ళు పక్కపక్కనే గుర్రాల మీద ఉన్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

శాంతా క్లారా మిషన్ గోడల లోపల అప్పుడే వలస వచ్చిన కుటుంబాలు తలదాచుకుని ఉన్నాయి. మగవాళ్ళలో చాలామంది యుద్ధానికి పోయారు. చలి, ఆకలి, జ్వరాలు. చాలామంది చనిపోయారు. ఆ గందరగోళంలో ఆలివ్ మాన్ ఇస్బెల్ అనే ఆమె 1846 డిసెంబర్‌లో ఒక పాత పశువుల కొట్టాన్ని శుభ్రం చేసి పిల్లలకు పాఠాలు మొదలుపెట్టింది. పలకలు లేవు, కాగితం లేదు. బొగ్గుతో పిల్లల అరచేతుల మీద అక్షరాలు రాసింది. కాలిఫోర్నియాలో మొదటి అమెరికన్ బడి అదే అంటారు. మన పిల్లలు చదివే ఈ లోయలో చదువు అలా మొదలైంది.

ఇక కొండ మీద ఏం జరుగుతోంది? రీడ్ మైదానంలో యుద్ధం చేసిన రెండు రోజులకు, జనవరి 4న, మార్గరెట్ సరస్సు దగ్గర నుంచి కాలినడకన బయల్దేరింది. వర్జీనియా, మిల్ట్ ఎలియట్, పనిమనిషి ఎలైజా వెంట ఉన్నారు. మంచు కొండ దాటి ఎలాగైనా అవతల పడాలని. చిన్న పిల్లలు ముగ్గురినీ తలో గుడిసెలో వదిలింది. ఎలైజా ముందే వెనక్కి తిరిగింది. మిగతావాళ్ళు నాలుగు రోజులు మంచులో తిరిగి, వర్జీనియా కాలివేళ్ళు గడ్డకట్టి, జనవరి 8న తిరిగొచ్చారు. ఆ రాత్రే పెద్ద తుఫాను. ఇంకొక్క రోజు బయట ఉంటే ఎవరూ మిగిలేవాళ్ళు కారు.

తమ గుడిసెకు పైకప్పు లేదు. కప్పుగా వేసిన పశువుల తోళ్ళే వాళ్ళ తిండి. ఆ తోళ్ళను ఉడకబెడితే జిగురులా అయ్యేది, పిల్లలు మింగలేకపోయేవారు. అప్పుడు బ్రీన్ కుటుంబం తమ గుడిసెలో చోటిచ్చింది. అంటే జాన్ మర్ఫీ తోటి ప్రయాణికులు కట్టిన గుడిసెలోనే అతని కాబోయే భార్య ఆ చలికాలం గడిపింది.

మార్గరెట్ ఆ నెలల్లో ఇల్లు నడిపిన తీరు చూడండి. తమ పశువులన్నీ ఎడారిలోనే పోయాయి. కాలిఫోర్నియా చేరాక ఒకటికి రెండు ఇస్తానని మాట ఇచ్చి పక్కవాళ్ళ దగ్గర కొన్ని తీసుకుంది. పెంచుకున్న కుక్క క్యాష్‌ని కూడా చంపి తినాల్సి వచ్చింది, అది వారం రోజులు వచ్చింది. అయినా ఆమె కొద్దిగా బీన్స్, కాసిని ఎండు ఆపిల్ ముక్కలు, చిన్న మాంసం ముక్క వారాల తరబడి ఎవరికీ తెలియకుండా దాచింది. క్రిస్మస్ రోజు బయటికి తీసి వండింది. పోపుల డబ్బాలో చిల్లర దాచిన అమ్మలను ఎరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు. కాకపోతే ఆమె దాచింది చిల్లర కాదు, ప్రాణం.

పాటీ బొమ్మ

ఫిబ్రవరి 18న మొదటి రక్షక దళం, ఏడుగురు మనుషులు, సరస్సు చేరింది. నడవగలిగినవాళ్ళనే తీసుకెళ్ళగలరు. మార్గరెట్ నలుగురు పిల్లలతో బయల్దేరింది. కొంత దూరం పోయాక మూడేళ్ళ టామీ, ఎనిమిదేళ్ళ పాటీ ఇక నడవలేరని తేలింది. వాళ్ళను వెనక్కి పంపాలి. ఆ తల్లి పరిస్థితి ఊహించగలరా? ఇద్దరితో ముందుకు పోవాలి, ఇద్దరిని మంచులోకి తిరిగి పంపాలి. దళంలోని గ్లోవర్ అనే అతన్ని ఆమె ఒక్క మాట అడిగింది: మీరు ఫ్రీమేసనా? రీడ్ ఆ సంఘం సభ్యుడు. అవునన్నాడు. ఆ సంఘం మాట మీద ఒట్టేయించుకుంది. భర్త రాకపోతే తనే తిరిగి వచ్చి పిల్లల్ని తేవాలని. అప్పుడు ఎనిమిదేళ్ళ పాటీ, అమ్మకే ధైర్యం చెప్పింది. మళ్ళీ నన్ను చూడకపోయినా నీకు చేతనైనంత చెయ్యమ్మా అన్న అర్థంలో చెప్పి తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

అయిదేళ్ళ జేమ్స్ మాత్రం నడిచాడు. పెద్దవాళ్ళు అడుగు వేసిన గుంటలోంచి ఇంకో గుంటలోకి మోకాలు పెట్టి ఎక్కుతూ నడిచాడు. ఒక్కో అడుగు నాన్న దగ్గరికీ తిండి దగ్గరికీ అని తనకు తానే చెప్పుకుంటూ.

ఈలోగా రీడ్, యుద్ధం ముగియగానే, ఒప్పంద పత్రాల తడి ఆరకముందే శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళాడు. సభ పెట్టించి వెయ్యి డాలర్లకు పైగా చందా పోగుచేశాడు. రెండో రక్షక దళంతో కొండ ఎక్కడం మొదలుపెట్టాడు. వాళ్ళు దగ్గర్లో ఉన్నారని తెలిసి ముందు రాత్రంతా రొట్టెలు కాల్చాడు. ఫిబ్రవరి 27న మంచు బాట మీద ఎదురయ్యారు. భర్త వస్తున్నాడన్న మాట విని మార్గరెట్ అక్కడే కూలబడింది. వర్జీనియా పరుగెత్తబోయి పడిపోయింది. అయిదు నెలల తర్వాత చూసుకున్న వాళ్ళకు ఎక్కువసేపు కూర్చునే వ్యవధి కూడా లేదు. రొట్టె ముక్కలు పంచి రీడ్ పైకి సాగాడు. ఇద్దరు పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

మార్చి 1న వాళ్ళను చేరాడు. ఇద్దరూ బతికే ఉన్నారు. తిరుగు దారిలో తుఫాను పట్టుకుంది. పాటీ స్పృహ తప్పింది. రీడ్ చేతితొడుగు వేలి కొసలో దాచిన రొట్టె పొడిని నోటితో తడిపి ఆమె నోట్లో పెట్టాడు. పాప కళ్ళు తెరిచింది. కిందికి వచ్చాక తెలిసింది, ఆ పిల్ల తన గౌను మడతలో ఒక చిన్న చెక్క బొమ్మను ఎవరికీ చూపకుండా మోసుకువచ్చిందని. బరువు తగ్గించుకోవాలని అన్నీ వదిలేయమన్న రోజు నుంచీ దాన్ని దాస్తూనే ఉంది. ఆ నాలుగంగుళాల బొమ్మ ఇప్పటికీ శాక్రమెంటోలో సట్టర్ కోట మ్యూజియంలో ఉంది.

డోనర్ పార్టీలో దాదాపు సగం మంది చనిపోయారు. బతకడానికి కొందరు చనిపోయినవాళ్ళ మాంసం తిన్నారు. సట్టర్ పంపగా సాయానికి వచ్చిన లూయిస్, సాల్వడార్ అనే ఇద్దరు మివోక్ యువకులను గుంపులోని ఒకతను కాల్చి చంపాడు. ఈ విషయాలు దాచి చెప్పే కథ కాదు ఇది. ఒక్క మనిషీ పోకుండా బయటపడ్డ కుటుంబాలు రెండే. ఒకటి బ్రీన్, ఇంకొకటి రీడ్.

వర్జీనియా ఉత్తరం

ఆ వేసవిలోపే, మే 16న, వర్జీనియా ఇల్లినాయ్‌లో ఉన్న బంధువుల అమ్మాయి మేరీ కీస్‌కి ఉత్తరం రాసింది. తప్పుల తడక స్పెల్లింగులతో, జరిగిందంతా నేరుగా. ఆ ఉత్తరాన్ని స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రిక అదే ఏడాది డిసెంబర్‌లో అచ్చువేసింది. చివర్లో ఆమె ఇచ్చిన సలహా అమెరికన్లకు సామెత అయిపోయింది. అడ్డదారులు పట్టొద్దు, వీలైనంత వేగంగా సాగిపోవాలి అన్న అర్థం. క్లైమన్ చెప్పింది, నాన్న విననిది, కూతురు తన మాటల్లో తిరిగి రాసింది.

తోడికోడళ్ళు

రీడ్ కుటుంబం శాన్ హొసేలో స్థిరపడింది. డోనర్ కుటుంబపు అనాథ పిల్లల్లో మేరీని తమ ఇంటికి తెచ్చుకుని పెంచారు. రీడ్ భూములు కొన్నాడు. 1850 జనవరిలో, పదహారేళ్ళ వర్జీనియా ఇంట్లో చెప్పకుండా జాన్ మర్ఫీని పెళ్ళి చేసుకుంది. తండ్రికి ఇష్టం లేదు. మర్ఫీలు కేథలిక్కులు. కానీ వర్జీనియా బ్రీన్ గుడిసెలో వాళ్ళ ప్రార్థనలు వింటూ, బతికి బయటపడితే ఆ మతంలో చేరతానని ఆ మంచులోనే మొక్కుకుంది. ఆ మాట నిలబెట్టుకుంది. యుద్ధంలో తన పక్కన ఉన్న లెఫ్టినెంటే అల్లుడయ్యాడని రీడ్ మెల్లగా సర్దుకున్నాడు. మన ఇళ్ళలో ఇలాంటి కథలకు ఎన్ని ముగింపులుంటాయో మనకు తెలుసు. ఇది మంచి ముగింపు.

అదే ఏడాది మర్ఫీల ఆడపిల్ల హెలెన్, ఆ ఆవ కాడల యుద్ధంలో దళం నడిపిన కెప్టెన్ వెబర్‌ని పెళ్ళాడింది. ఆ వెబరే స్టాక్టన్ ఊరు కట్టినవాడు. ఒకనాటి మిలీషియా దళం ఇలా ఒక పెళ్ళి పందిరి కింద చేరింది.

వర్జీనియాకి పెద్ద తోడికోడలు మేరీ బోల్గర్ మర్ఫీ, సన్నీవేల్ ఇంటి ఇల్లాలు. ఆమె కథా మంచులోదే. 1844 చలికాలంలో కొండ దాటాక యూబా నది పక్కన గుడారంలో ఆమె ప్రసవించింది. పాపకు ఎలిజబెత్ యూబా అని పేరు పెట్టారు. మగవాళ్ళు ముందు సట్టర్ కోటకు వెళ్తే, సట్టర్ వాళ్ళను మెక్సికన్ గవర్నర్ తరఫున యుద్ధానికి తీసుకుపోయాడు. ఆడవాళ్ళూ పిల్లలూ వారాల తరబడి మంచులో తోళ్ళు ఉడకబెట్టుకుని బతికారు. ఆ పాపే పెద్దయి టాఫ్ ఇంటి కోడలైంది. మన టాఫ్ స్ట్రీట్ ఆమె ఇంటిపేరే. ఇద్దరు తోడికోడళ్ళు ఒకే కొండ మీద, రెండేళ్ళ తేడాలో, మగవాళ్ళు యుద్ధంలో ఉన్నప్పుడు ఆకలితో ఎదురుచూశారు. దళాల జాబితాల్లో మగవాళ్ళ పేర్లు ఉన్నాయి. ఆ ఎదురుచూపుకి జాబితా లేదు.

మార్గరెట్ 1861లో, రీడ్ 1874లో పోయారు. జాన్ మర్ఫీ చూపు మందగించాక వర్జీనియా ఆయన అగ్నిప్రమాద బీమా వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. పసిఫిక్ తీరంలో ఆ పని చేసిన మొదటి మహిళగా ఆమెను చెబుతారు. తొమ్మిది మంది పిల్లల తల్లి. 1891లో ఒక పెద్ద పత్రికలో తన జ్ఞాపకాలు రాసింది. 1921లో కన్నుమూసింది. బొమ్మ దాచిన పాటీ ఇంకో రెండేళ్ళు ఉంది.

పిల్లలతో చూసి రావాలంటే

సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన, ఆప్రికాట్ తోట అంచున హెరిటేజ్ పార్క్ మ్యూజియం ఉంది. భవనం మర్ఫీల ఇంటి నమూనాలోనే కట్టారు. అసలు ఇల్లు బోస్టన్‌లో చెక్క భాగాలుగా తయారై, ఓడలో దక్షిణ అమెరికా కొస చుట్టి వచ్చింది. 1961లో దాన్ని కూల్చేశారు. శాంతా క్లారాలో ఎల్ కామినో రియల్ మీద, సివిక్ సెంటర్ పార్కులో 1847 ఒప్పందం జరిగిన చోటు గుర్తు ఉంది. శాన్ హొసే డౌన్‌టౌన్‌కి దక్షిణంగా రీడ్, మార్గరెట్, వర్జీనియా, మార్తా, కీస్ అని వరసగా వీధులున్నాయి. మార్తా అంటే పాటీ అసలు పేరు. కీస్ అంటే క్యాన్సస్ మైదానంలో మిగిలిపోయిన అమ్మమ్మ ఇంటిపేరు. రీడ్, మార్గరెట్ సమాధులు ఓక్ హిల్ శ్మశానంలో ఉన్నాయి. టాహో వెళ్ళే దారిలో ట్రకీ పక్కన డోనర్ మెమోరియల్ స్టేట్ పార్క్. అక్కడి స్మారక స్తంభం పీఠం 22 అడుగుల ఎత్తు. ఆ ఏడాది మంచు అంత లోతు పడిందని గుర్తు.

ఈసారి మంచు చూడటానికి టాహో వెళ్ళేటప్పుడు హైవే 80 మీద కనుమ దాటుతుంటే, వెనక సీట్లో పిల్లలు ఇంకెంతసేపు అని అడుగుతారు. శాక్రమెంటో నుంచి దాదాపు రెండు గంటలని చెప్పండి. తర్వాత, తన వయసు పాప ఒకత్తె ఇదే కొండ మీద తమ్ముడి చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచిందని, మళ్ళీ దిగివచ్చిందని కూడా చెప్పండి.